నేల మీద నమాజు

కుడి వైపుకి సలాం చెప్పాను, ఎడమ వైపుకి సలాం చెప్పాను, మధ్యాహ్నపు జుహర్ నమాజు పూర్తయింది, ఇక లేవడమే తరువాయి, ఆ లేవడమే నా వల్ల కావడం లేదు. నిజానికి మొదటి విడతలోనే, మొదటి రకాతులోనే తెలిసిపోయింది. నిలబడి చదివాను, వంగాను, ఒక చెయ్యి నేలకి ఆనించి మోకాళ్లు మెల్లగా మడిచి బిస్మిల్లా అంటూ కిందికి దిగాను, నుదురు నేలకి ఆనించి రెండు సజ్దాలూ చేశాను, అల్లాహు అక్బర్ అని లేవబోతే తొడలు వణికాయి, మోకాళ్లు మొండికేశాయి, పట్టుకోవడానికి దగ్గర్లో ఏమీ లేదు, కూలబడ్డాను. కూలబడి, మిగతాదంతా కూర్చునే చదివేశాను. లేవలేనివాళ్లు కూర్చుని చదవచ్చని మా అమ్మాయి ఫరీన్ చెప్పింది, కూర్చోలేనివాళ్లు పడుకుని చదవచ్చట, అదీ చేతకాకపోతే తలాడించినా చాలట, దేవుడు మనిషిని అంత ఇబ్బంది పెట్టడట. ఇబ్బంది పెడుతున్నది ఆయన కాదులే, నా మొండితనం. అయినా చెప్పొద్దూ, నాకు ఏడుపు రావడం లేదు. నుదుటి మీద నేల చల్లదనం ఇంకా ఉంది. ఇన్నాళ్ల తర్వాత నా నుదురు నేలకి ఆనింది, అది మాత్రం అబద్ధం కాదు, లేవలేకపోయిన సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు కాసేపు దీన్ని దాచుకోనీ.

ఇంట్లో ఎవరూ లేరు. శుక్రవారం కదా, మా ఆయన నాగుల్ మీరా జుమా నమాజుకి కావలి వెళ్లాడు. మా ఊళ్లో మసీదు లేదు, ఉన్నవే నాలుగు నూర్‌బాషా ఇళ్లు, మిగతాదంతా పట్టపుపాలెం, సముద్రం మీద బతికేవాళ్లు. వచ్చేటప్పుడు కావలిలో కాపురముంటున్న ఫరీన్‌ని బండి మీద ఎక్కించుకుని వస్తాడు. ఫరీన్ ఊరికే రావడం లేదు, మా ఇద్దరి మధ్య ఉన్న పందెం తేల్చడానికి వస్తోంది. వచ్చే నెలలో నాకు మోకాళ్ల ఆపరేషన్ చేయించాలని దాని పట్టు, నెల్లూరులో ఒక ఆసుపత్రిలో మాట్లాడి కూడా పెట్టింది. కత్తికి నేను భయపడను. అక్కడి డాక్టరు మాత్రం ఒక మాట అన్నాడు, అయిన తర్వాత నేల మీద కూర్చోకూడదమ్మా, మోకాళ్ల మీద వంగకూడదు, ఇక ఎప్పటికీ అని. ఆయన చాలా మామూలుగా, చీటీ రాసుకుంటూ అన్నాడు. నాకు ఊరి నుంచి వెలేసినట్టు అనిపించింది. అందుకే ఫరీన్‌తో ఒప్పందం పెట్టుకున్నాను, నడుస్తాను, చెప్పిన కసరత్తులన్నీ చేస్తాను, ఎండలు పోయేలోపల నేల మీద నమాజు చదివి మనిషి సాయం లేకుండా లేచి చూపిస్తాను, చూపిస్తే ఆపరేషన్ మాట ఎత్తకు, చూపించలేకపోతే నోరు మూసుకుని నీ వెంట వస్తాను అని. చూపించాల్సింది ఈ సాయంత్రమే. పరీక్షకి ముందు పిల్లలు పాఠం అప్పజెప్పుకున్నట్టు ఒకసారి ఒంటరిగా చేసి చూసుకుందామనుకున్నాను. ఎవరూ చూడకూడదని తలుపు గడియ పెట్టుకున్నాను. అంతటితో ఊరుకున్నానా, పొద్దున్నే ధీమాగా నా నమాజు కుర్చీని పక్కింటి వనజాక్షికి ఇచ్చేశాను, ఇక నాకెందుకు, చేపలమ్మేటప్పుడు వేసుకుని కూర్చో అని. కుర్చీ ఉంటే దాన్ని పట్టుకునైనా లేచేదాన్ని, గడియ లేకపోతే ఎవరో ఒకరు వచ్చి లేపేవాళ్లు. ఒక్క పూటలో ఇంత తెలివి ఎవరికీ రాదు.

ఈ గదిలో మంచం లేదు, బల్ల లేదు. మేము పరుపులు కుట్టేవాళ్లం, ముందు గది ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, పరుపు పరిచి చుట్టూ తిరగడానికి చోటు కావాలి. మంచం లోపలి గదిలో ఉంది, మధ్యలో మా మామ కట్టించిన గడప ఉంది, కాలెత్తి దాటాల్సిన గడప. గోడ పట్టుకుందామంటే చెయ్యి జారుతుంది. అల్లుడు ముచ్చటపడి వేయించిన టైల్సు అద్దంలా మెరుస్తున్నాయి, కాలు కూడదీసుకుంటే జారిపోతోంది. సరే, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండి గదిని చూస్తున్నాను. నేల మీద నుంచి చూస్తే మన ఇల్లు మనకే వేరుగా కనిపిస్తుంది. తలుపు కింది సందులోంచి ఎండ గీతలా వచ్చి పడింది, గూటి కింద ఎప్పటిదో సూది ఒకటి మెరుస్తోంది, దాన్ని వెతికి వెతికి మా ఆయన్ని తిట్టాను, పాపం ఆయన తీయలేదన్నమాట. బయట ఉప్పుచేప ఎండుతున్న వాసన. దూరంగా అలల చప్పుడు, మధ్యాహ్నం కాబట్టి బద్ధకంగా ఉంది.

నేల నాకు కొత్తదా. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి నా బతుకంతా దాని మీదే గడిచింది. మా ఆయన విల్లు మీటి దూది ఏకేవాడు, ఆ మోత వింటూనే ఫరీన్ ఉయ్యాల్లో నిద్రపోయేది, మోత ఆగితే లేచి ఏడ్చేది, నేను గొంతుక్కూర్చుని పరుపు అంచులు కుట్టేదాన్ని, కుడుతూ అలాగే పరుపు చుట్టూ జరిగేదాన్ని, లేచేది అన్నానికీ నీళ్లకీ. ఈ పాలెంలో కొత్త జంటలు పడుకున్న పరుపులన్నీ నా మోకాళ్ల మీద తయారైనవే, బాలింతల దిళ్లు, చంటిపిల్లల బొంతలు, పెద్దవాళ్లు ఆఖరి రోజుల్లో ఒరిగిన బాలీసులు, అన్నీ. అంత పని చేసిన మోకాళ్లని నేను ఒక్కరోజు కూడా పలకరించలేదు. పిలవకుండా వచ్చి చెప్పకుండా పనిచేసే మనిషి మీద మనకి ధ్యాస ఉండదు కదా, అలాగే. ఇప్పుడు రోజూ ఆవనూనె రాసి నిమురుతుంటే వాటికి సిగ్గేస్తుందేమో.

నమాజు మాత్రం నాకు కొత్తది. మావాళ్లలో నా ఈడు ఆడవాళ్లకి చాలామందికి రాదు, మా అమ్మకి రాదు, మా అత్తకి రాదు. దర్గాకి వెళ్లి చక్కెర చదివించుకోవడం, పీర్లు వస్తే ఎదురెళ్లి నీళ్లు పోయడం, కష్టం వస్తే యా అల్లా అనడం, మాకు తెలిసిన దీను, మతం, అంతే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఉర్దూ అంటే వీధిలో విన్నది. ఫరీన్ కావలి వెళ్లాక అక్కడి ఆడవాళ్లతో కూర్చుని నేర్చుకుంది, నేర్చుకున్నదాన్ని తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి తెచ్చి ఈ గోడకే అంటించింది. నేను సూది గుచ్చుతూ వల్లె వేసేదాన్ని, ఒక కుట్టుకి ఒక మాట. తప్పు చదివితే "మళ్లా చదువు మా" అనేది, ఎక్కాలకి నేను దాన్ని మొట్టిన మొట్టికాయలకి ఇప్పుడు కసి తీర్చుకుంటోంది అనుకునేదాన్ని. మొదటిసారి నేల మీద నుదురు పెట్టినప్పుడు నాకు యాభై దాటాయి. అంతకాలం ఎవరి పెళ్లికో, ఎవరి పురుడుకో ఈ నేల మీద వంగాను, ఆ రోజు నాకోసం వంగాను. ఎవరూ తొందరపెట్టలేదు, ఎప్పుడిస్తావని అడగలేదు. నా వీపు మీద బరువు ఎవరో దించినట్టు అనిపించి అలాగే ఉండిపోతే, మా ఆయన వచ్చి నిద్రపోయానేమోనని భుజం తట్టాడు. ఆ రుచి తెలిసిన రెండేళ్లకే మోకాళ్లు వాచాయి, మెట్టు దిగలేను, పీట మీద కూర్చోలేను, ఇక నేల మాట చెప్పాలా.

కుర్చీలో చదివినా కబూలే, దేవుడు ఒప్పుకుంటాడు అని ఫరీన్ అంది. మా ఆయన కావలి నుంచి నీలం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గది మధ్యలో వేసి, "మహారాణిగారు కొలువు తీరండి" అని వంగి దండం పెట్టాడు, నేను నవ్వాను, ఆ కుర్చీలోనే రోజూ అయిదు పూటలూ చదివాను. దేవుడికి ఏ లోటూ ఉండి ఉండదు. నా నుదురు మాత్రం ఒప్పుకోలేదు. సజ్దా వేళకి ముందుకి వంగుతాను, తల గాలిలో ఆగుతుంది, ఎదురుగా కిటికీ చువ్వలు, వాటి అవతల వనజాక్షి ఆరేసిన చీర, అంతే, ఆనడానికి ఏమీ లేదు. ఇంటి దాకా వచ్చి గుమ్మంలోనే మాట్లాడి వెళ్లిపోతున్నట్టుండేది. ఫిర్యాదు చేశాననుకోకు, అని దేవుడితోనే అనేదాన్ని, కుర్చీ ఇచ్చావు సంతోషం, కానీ ఒక్కసారి లోపలికి రానీ.

నన్ను లోపలికి తోసినవాళ్లు ఇద్దరు. ఒకరు లిల్లీ మేడం, కావలిలో ఫిజియోథెరపీ చేస్తుంది. మోకాలి మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని పెదాలు కదిపేది, ప్రభువా అన్నట్టు వినపడేది, ఆ తర్వాతే పని మొదలు. "ఎముక మరీ అరగలేదు మస్తాన్‌బీ గారూ, కండ చచ్చిపోయింది, దాన్ని ముందు లేపుదాం, అప్పటికీ కాకపోతే ఆపరేషన్ ఎటూ ఉంది" అంది. కాలికి బరువు కట్టుకుని ఎత్తమంది, నేను పరుపు గుడ్డతో సంచులు కుట్టి మన సముద్రపు ఇసుకే నింపి చీలమండకి కట్టుకున్నాను, చూసి నవ్వి తనకూ రెండు కుట్టిపెట్టమంది. రెండో మనిషి వనజాక్షి. దానికి చక్కెర జబ్బు, డాక్టరు నడవమన్నాడు, ఒంటరిగా నడవడం దానికి చేతకాదు, నన్ను ఈడ్చుకుపోయేది. తెల్లవారుతూనే తడి ఇసుక మీద నడక, పడవలు తిరిగొచ్చే వేళ. అది ముందు నీళ్లు తాకి కళ్లకద్దుకుని గంగమ్మా అంటుంది, నేను ఆగుతాను, నేను బిస్మిల్లా అంటాను, అది ఆగుతుంది, ఆ తర్వాత ఇద్దరం ఊళ్లోవాళ్ల మీద పడతాం. మొదట్లో నాలుగడుగులకి కూలబడితే, "నడువు, నీ కాళ్లు నీ మాట వినకపోతే నా మాట వింటాయి" అని గదమాయించేది. పోలేరమ్మ గుడి పసుపు తెచ్చి నాకు తెలియకుండా నా మోకాలికి రాసేది, తెలిసినా నేను తెలియనట్టుండేదాన్ని. నడక అయ్యాక బంకు దగ్గర చక్కెర వేసిన టీ తాగి కొడుకుతో చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకునేది. ఒక్క మోకాలి కోసం ఇంతమంది ఇన్ని వైపుల నుంచి అర్జీ పెట్టారు, పైనున్నాయనకి వినపడకుండా ఎలా ఉంటుంది. వినపడబట్టే కదా కిందికి దిగాను. లేవడం గురించి ఎవరూ గట్టిగా అడిగినట్టు లేదు.

ఫోను మోగుతోంది. గూట్లో ఛార్జింగుకి పెట్టాను, అది అక్కడ, నేను ఇక్కడ. ఫరీన్ అయి ఉంటుంది, బయల్దేరామని చెప్పడానికి. ఆగింది. మళ్లీ మోగింది, ఆగింది. బయల్దేరారంటే ఇక ఎంతోసేపు పట్టదు, వచ్చి తలుపు కొడతారు, నేను పలుకుతాను కానీ తీయలేను, మా ఆయన కిటికీలోంచి చూస్తాడు, ఫరీన్ చూస్తుంది. అది కోప్పడదు, అదే నాకు భయం. కోప్పడకుండా నన్ను లేపి కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మెల్లగా ఇంక పోదామా మా అంటుంది, నేను మాటిచ్చినదాన్ని కాబట్టి తలాడిస్తాను. ఆ తర్వాత నా కాళ్లు బాగుంటాయి, నొప్పి ఉండదు, బజారుకి వెళ్తాను, బస్సెక్కుతాను. నేల ఒక్కటే ఉండదు.

పక్కింట్లో ఫోను మోగింది. వనజాక్షి గొంతు వినిపించింది. "ఆ, ఫరీనూ. మీ అమ్మా? ఎత్తలేదా? ఉండు, చూస్తా." చెప్పుల చప్పుడు, తలుపు మీద చెయ్యి, తర్వాత కిటికీ. నేను కింద ఉన్నాను కాబట్టి దాని నుదుటి బొట్టూ ముక్కుపుడకా మాత్రమే కనపడుతున్నాయి. "ఏమ్మే మస్తాన్‌బీ, తలుపేసుకోని ఏం చేస్తుండావు?" ఫోను దూరం పెట్టమని చేత్తో సైగ చేశాను. పెట్టింది. "లేవలేకపోతుండా" అన్నాను. ఫోను మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది. "మీ అమ్మ నమాజు బట్ట మీద ఉండాదమ్మా. ఆ, ఇంకా లేవలా. నిదానంగా రాండి, ఎండగా ఉండాది." పెట్టేసి నా వైపు తిరిగింది. "అబద్ధం చెప్పలా మే. బట్ట మీదేగా ఉండావు."

"తలుపు తియ్యి, వచ్చి లేపుతా."

"తలుపు తియ్యాలంటే లేవాల గదా వనజా."

దానికి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది, ఆ తర్వాత చువ్వలు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, దాన్ని చూసి నాకూ నవ్వొచ్చింది, ముసలివాళ్లు కాబోతున్న ఇద్దరం, ఒకతి లోపల ఒకతి బయట, పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. నవ్వి కళ్లు తుడుచుకుని అది ఇంటికి పరిగెత్తింది, నీలం కుర్చీ తెచ్చింది, చువ్వల మధ్య నుంచి తోయడానికి చూసింది. కుర్చీ కాళ్లు రెండు లోపలికి వచ్చి ఆగిపోయాయి. తిప్పి చూసింది, ఏటవాలుగా పెట్టి చూసింది, కుర్చీని నానా మాటలూ అంది. "పోనీ మావోళ్లను పిలుస్తా. పడవలు నెట్టేవోళ్లకి ఈ తలుపెంత, ఊడదీసి పక్కన పెడతారు."

"వద్దు. వాళ్లొచ్చి లేపితే నేను ఓడిపోయినట్టే. ఆపరేషన్‌కి పోవాల్సిందే."

"మరి ఏం చేద్దామంటావు?"

"నువ్వు ఆడ కూర్చో. చాలు."

కుర్చీ వేసుకున్న చప్పుడైంది, ఇప్పుడు నాకు దాని కొప్పు మాత్రమే కనిపిస్తోంది, కొప్పులో పొద్దుటి కనకాంబరాలు. దానికి ఈ వేళ చేపలు మళ్లేసే పని ఉంటుంది, తిప్పకపోతే ఒక వైపే ఎండి ముక్కలవుతాయి, అయినా కూర్చుంది. నాకు తోబుట్టువులు లేరు. లేరని ఏనాడో బాధపడ్డాను కూడా. ఇంత దగ్గర్లో కిటికీ అవతల పెట్టుకుని ఆ బాధ ఎందుకు పడ్డానో.

దాని కొప్పుని చూస్తూ చూస్తూ నా కళ్లు కిటికీ కింది మూలకి వెళ్లాయి. అక్కడ తెల్ల దుప్పటి కప్పి పెళ్లివాళ్ల సరుకు ఉంది, పరుపొకటి, బాలీసులు నాలుగు, రేపు వచ్చి తీసుకెళ్తారు. పొద్దుటి నుంచి అవి అక్కడే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను, అయినా నా లెక్కలోకి రాలేదు. ఎలా వస్తాయి. ఈ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రోజే మా అత్త చెప్పింది, ఇవ్వబోయే సరుకు మీద మనం కూర్చోకూడదు, తల పెట్టకూడదు, మొదటి నొక్కు వాళ్లదే కావాలి అని. ఫరీన్ చిన్నప్పుడు తెలియక ఒక పెళ్లి పరుపు మీద నిద్రపోతే మా ఆయన ఆ దూదంతా తీసి మళ్లీ ఏకాడు, నేను మళ్లీ కుట్టాను, ఇద్దరం తెల్లారేదాకా మేలుకున్నాం, పిల్లని మాత్రం ఒక్క మాట అనలేదు. అంత గట్టి కట్టుబాటు. బాలీసులు మాత్రం నా కుట్టే, పత్తి దూది కూరి కూరి నింపినవి, గుద్దినా అంత తేలిగ్గా దిగవు. అత్తా, నువ్వు పైనుంచి చూస్తుంటే కాసేపు అటు తిరుగు, రేపటికి విప్పి మళ్లీ నింపుతాను, నా మీద ఒట్టు.

నమాజు బట్ట మడిచి పక్కన పెట్టాను. రెండు చేతులూ వెనక ఆనించి, కాళ్లు ముందుకి చాపి, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే జరగడం మొదలుపెట్టాను. ఇందాక తిట్టుకున్న టైల్సు ఇప్పుడు నన్ను చక్కగా జారనిస్తున్నాయి, అల్లుడా, నీ చేతి చలవ. మూలకి చేరాను, దుప్పటి తీశాను, బాలీసు ఒకటి గోడకి ఆనించి పెట్టాను, చేతులు దాని మీద వెనక్కి నొక్కి ఊపిరి బిగించి ఎత్తాను, జారింది, మళ్లీ ఎత్తాను, మోచేతులు మండాయి, కూర్చున్నాను దాని మీద. బెత్తెడు ఎత్తుకి వచ్చానంతే, నాకు మాత్రం మిద్దె ఎక్కినట్టుంది.

"లేస్తివా?" బయటి నుంచి.

"ఒక దిండు ఎక్కినా."

"రెండోది ఎక్కు."

రెండోది పక్కన పెట్టుకుని దాని మీదికి మారాను, మొదటిదాన్ని దాని కిందికి కాదు, పైకి లాగాలి, ఎలా లాగాలో తెలియక కాసేపు ఆ రెండు దిళ్లతో కుస్తీ పట్టాను. చెమట కళ్లలోకి కారుతోంది. చివరికి ఒకదాని మీద ఒకటి, వాటి మీద నేను, తర్వాత మూడోది కూడా. ఇప్పుడు నా మోకాళ్లు నా నడుము కన్నా కిందికి వచ్చాయి, పాదాలు నేలకి బిగిశాయి. ఇక్కడి నుంచి దారి తెలుసు. వెళ్లినప్పుడల్లా లిల్లీ మేడం కుర్చీలో నుంచి లేపేది ఇలాగే, ముక్కు కాలివేళ్ల మీదికి రావాలమ్మా, భయపడి వెనక్కి వాలొద్దు, వాలితే కూర్చుండిపోతారు అని. ముక్కు ముందుకి తెచ్చాను. తొడలు వణికాయి. వణికినా ఈసారి చావలేదు, లోపల ఏదో బిగుసుకుంది, ఇసుక సంచులు కట్టుకుని ఎత్తిన కాళ్లు కదా, వాటికి గుర్తుంది. లేచాను. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను, కిటికీలోంచి సముద్రం కనిపించింది, వనజాక్షి ముఖం పూర్తిగా కనిపించింది, అది ఏడుస్తోంది. నేను అల్‌హందులిల్లా అన్నాను, ఇంకోసారి అన్నాను, నాకు ఆ ఒక్క మాట తప్ప ఏమీ రాలేదు. మోకాళ్లారా, ఆ మెప్పు మీకు కూడా.

తలుపు తీశాను. వనజాక్షి నన్ను పైనుంచి కింది దాకా చూసి, "అంత గడియ ఎందుకు పెట్టినావు మే, నీ దేవుణ్ణి ఎవురన్నా ఎత్తుకపోతారనా" అంది. చీర కొంగుతో నా ముఖం తుడిచింది. మాట్లాడుకుంటుండగానే బండి చప్పుడైంది. "చెప్పమాక" అని గబగబా నా చెవిలో అంది, "లేచినావు గదా, ఎట్టా లేస్తే వాళ్లకేంది."

ఫరీన్ లోపలికి వచ్చి సలాం చెప్పి నా ముఖం చూడక ముందే మూల చూసింది. పరుపులవాళ్ల పిల్ల కదా. "పెళ్లోళ్ల దిళ్లు నేల మీద ఎందుకుండాయి మా? ఎవురు కూర్చున్నారు?" మా ఆయన కూడా చూశాడు. నేను చెప్పేశాను. దిగాను, లేవలేకపోయాను, గడియ పెట్టుకున్నాను, ఇంతసేపూ నేల మీదే ఉన్నాను, ఇలా లేచాను అని, వరసగా, ఏదీ దాచకుండా. దాని ముఖం ఎర్రబడింది. "నువ్వు ఒక్కదానివే ఉండి, పడి ఉంటే?" అంది, అటు తిరిగి నిలబడింది. ఇప్పుడు అర్థమైంది నాకు, ఇన్నాళ్లూ అది పట్టుబట్టింది మోకాళ్ల కోసం కాదు, నేను ఏనాడో ఒంటరిగా పడిపోతానని. నా భయం నేల పోతుందని, దాని భయం నేను పోతానని. దగ్గరికి వెళ్లి దాని వీపు మీద చెయ్యి వేశాను. "అసర్ నమాజు వేళ అయింది. చదువుకున్నాక తిడుదువు, నువ్వు కూడా కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకో" అన్నాను.

రెండు బాలీసులు ఒకదాని మీద ఒకటి నా కుడి చేతి పక్కన పెట్టుకున్నాను. ఫరీన్ వచ్చి తన బట్ట నా ఎడమ పక్కన పరిచింది, వనజాక్షి గుమ్మంలో కూర్చుంది, మా ఆయన తను తర్వాత చదువుకుంటానని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. దిగాను. నుదురు ఆనించాను. అడగడానికి చాలా పెట్టుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు, గుర్తు తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు. పక్కన నా కూతురి నుదురు కూడా ఇదే నేల మీద ఉంది, అది ఉయ్యాల దిగి మొదట పాకిన నేల. లేచే వేళకి కుడి కాలు ముందుకి వేసి చెయ్యి దిండు మీద మోపాను, దిండు కొంచెం దిగింది, ఆగాను, మళ్లీ నొక్కాను, లేచాను. ఫరీన్ నాకన్నా ముందే లేచింది, కానీ చదవడం మెల్లగా, చాలా మెల్లగా చదువుతోంది, నేను అందుకునేదాకా. ప్రతి రకాతులోనూ అలాగే.

సలాం చెప్పాక అది తన బట్ట మడిచింది. మా ఆయనే మొదలుపెట్టాడు. "మనిషి సాయం లేకుండా అన్నారు గదా. దిండు మనిషి కాదులే ఫరీనా." అది తండ్రి వంక చూసింది, నా వంక చూసింది, ఫోను తీసింది. ఆసుపత్రివాళ్లతో మాట్లాడుతోంది. "వచ్చే నెల రావడం లేదండి. లేదండి, అవసరమైతే మేమే ఫోన్ చేస్తాం. అమ్మ బాగుండాది. ఆ, ఇక్కడే, నేల మీద కూర్చోనుండాది." పెట్టేసి, నా పక్కనున్న బాలీసుని అరచేత్తో నొక్కి చూసింది, చిన్నప్పుడు వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్న నొక్కుడు. "ఇది మెత్తన మా, నువ్వు నొక్కితే దిగుతుండాది. పెళ్లోళ్లది విప్పి మళ్లా నింపి పెళ్లోళ్లకి ఇచ్చేద్దాం. నీకోసం ఒకటి కుట్టుకో, బాగా గట్టిగా."

ఊరందరికీ కుట్టాను, నాకంటూ ఒకటి కుట్టుకోవాలని ఇన్నేళ్లలో నాకు తోచనే లేదు. మా ఆయన అప్పుడే దూది బస్తా మూతి విప్పుతున్నాడు. ఏ రంగు గుడ్డ అని ఫరీన్ అడుగుతోంది, నీలమని వనజాక్షి గుమ్మంలోంచి తీర్పు చెప్పేసింది. కత్తెర అందుకుని, గుడ్డ పరిచి, నేల మీద కూర్చుంటున్నాను.